పళ్ళెం తోసే ఆయన

అయిదో భాగం

మొదట్నుంచీ వింటున్నవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పుకోవాలి.

కాటా మేస్త్రి భార్య పోయి నాలుగు నెలలు. మేస్త్రి అంటే గోడలు కట్టేవాడు కాదు. కొట్లలో తూకం కాటాలు మొరాయిస్తే విప్పి, తుడిచి, ముల్లు సరిచేసి, ముద్ర వేసి ఇచ్చేవాడు. ఆవిడ మిగిల్చిపోయింది ఒక కుక్కని. రెండు గుప్పిళ్ళంత ఉంటుంది. పేరు గింజ. ఆవిడ పోయిన దగ్గర్నుంచీ గింజ ఇంట్లో తిండి తగ్గించుకుంటూ వచ్చి, చివరికి గిన్నె వైపు చూడటమే మానేసింది. పశువుల డాక్టరు రోగమేమీ లేదన్నాడు. ఇలాగే ఉంటే నెల తిరక్కుండా పోతుందని కూడా అన్నాడు. పోతే పీడా పోయె అని మేస్త్రి గొలుసు విప్పేశాడు. అది పారిపోలేదు. వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, వస్తావా రావా అన్నట్టు నిలబడింది.

అలా మొదలైంది ఈ తిరుగుడు. మూడు వారాలుగా రోజూ పొద్దున్నే కుక్క ముందు, మేస్త్రి వెనక. మొదట బన్నుల కొట్టు తెలిసింది, తర్వాత పాల కొట్టు, ఆ తర్వాత చేపలు కాల్చే ఆవిడ బండి. ప్రతిచోటా కుక్కని చుట్టాన్ని పలకరించినట్టు పలకరించారు, మేస్త్రిని మాత్రం ఎగాదిగా చూశారు. కుక్కని తిప్పుకొస్తానని చెప్పి భార్య రెండేళ్ళపాటు తిండి కొట్లన్నీ తిరిగిందని అప్పుడు తెలిసింది అతనికి. మొగుడికి ఇంట్లో వండి పడేసి తను బయట రుచులు మరిగిందని పళ్ళు నూరుకున్నాడు. చచ్చిన మనిషి మీద కోపం తెచ్చుకోకూడదంటారు. మేస్త్రికి అలాంటి పట్టింపులు లేవు. పదహారేళ్ళ కిందట తమ్ముణ్ణి ఇంట్లోంచి గెంటేసి, మళ్ళీ వాడి ఊసెత్తితే గిన్నెలు విసిరేసిన మనిషి అతను.

నిన్న చేపల ఆవిడ ఒక మాట అంది. "మీ ఇంటావిడ మా దగ్గర ఏనాడూ తినలేదండీ. కుక్కకి ఇంత ముక్క పెట్టించుకుని, కేరేజీ పట్టుకుని అదిగో ఆ సందులోకి పోయేది. రోజూ అదే వేళకి."

కేరేజీ. ఇంట్లో మొగుడికి వండిన అన్నం కేరేజీలో పెట్టుకుని, రోజూ ఎవరికి తీసుకెళ్ళింది?

* * *

ఆ ప్రశ్న నమిలి మింగలేక, కక్కలేక మేస్త్రి ఉదయం పదింటికే కొట్టు తలుపు సగం దించాడు. లోపల నలభై కాటాలున్నాయి. ఇనపవి, ఇత్తడివి, సగం విప్పినవి, పళ్ళేలు లేనివి. అన్నీ ముల్లు నిలువుగా పెట్టుకుని నిలబడి చూస్తున్నట్టుంటాయి. ఒక కిరాణా కొట్టువాడు తన కాటా కోసం వచ్చి, పది నిమిషాల పనే కదా చేసిపెట్టమని బతిమాలాడు. రేపు రమ్మన్నాడు మేస్త్రి. రేపు కుదరదన్నాడు అతను. అయితే ఎల్లుండి రమ్మన్నాడు.

భార్య కుక్కని గుడ్డసంచిలో కూర్చోబెట్టుకుని తల బయటికి కనిపించేలా తీసుకెళ్ళేదట. ఆ సంచి ఇంకా తలుపు వెనక మేకుకి వేలాడుతోంది. మేస్త్రి దాన్ని ముట్టలేదు. తాడు కట్టాడు. నాలుగు నెలల్లో కుక్క ఎంత చిక్కిపోయిందంటే తాడు మెడలో వదులై, రెండో ముడి వెయ్యాల్సొచ్చింది.

బన్నుల కొట్టు ముందు నుంచి పోతుంటే కొట్టాయన నవ్వుతూ, మేస్త్రిగారూ, కుక్కని మీరు తిప్పుతున్నారా, మిమ్మల్ని అది తిప్పుతోందా అన్నాడు. మేస్త్రి తల తిప్పలేదు. వెనక ఎవరో నవ్వారు. నవ్వేవాళ్ళ నోళ్ళు మూయించే కాటా ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు.

చేపల బండి దగ్గర కుక్క ఆగలేదు. ఆవిడ నిప్పులు రాజేస్తూ తల ఎత్తి చూసి, మళ్ళీ విసనకర్ర అందుకుంది. గింజ సందులోకి తిరిగింది. అప్పటిదాకా నాలుగడుగులకోసారి కూలబడ్డ కుక్క, సందు మొదట్లోకి రాగానే తాడు లాగడం మొదలుపెట్టింది.

సందు ఇరుకు. ఒకవైపు అచ్చాఫీసు గోడ. లోపల యంత్రం దడదడలాడుతుంటే గోడకి చెయ్యి ఆనిస్తే అరచేయి జలదరిస్తుంది. సిరా వాసన, తడి కాగితం వాసన, వాటి మీదుగా ఉల్లిపాయలు వేగుతున్న వాసన. రెండోవైపు ఒక మెస్. రేకు పందిరి కింద బయట మూడు బల్లలు, లోపల ఆరు. తలుపు పక్కన బొగ్గుతో రాసి ఉంది: కుక్కతో వచ్చినవాళ్ళు బయట బల్ల దగ్గరే కూర్చోవాలి. కింద ఎవరో తుంటరి వేరే చేత్తో రాశాడు: కుక్క ఒప్పుకుంటేనే.

గింజ మూడో బల్ల కిందకి దూరి, గోడ వారగా కూర్చుంది. అక్కడ గోడకి జానెడు ఎత్తులో ఒక మేకు ఉంది. ఆ ఎత్తులో మేకు మనిషికి దేనికీ పనికిరాదు. తాడు రాసి రాసి మేకు కింద సున్నం నున్నగా అరిగింది. మేస్త్రి వంగి చూశాడు. ఎవడో చవకగా కొట్టి పారేసిన మేకు కాదు. గోడలోకి సూటిగా దింపి, కొసని పైకి వంచి, కుక్క మూతికి గీరుకోకుండా ఆకురాయితో గుండ్రంగా అరగదీశారు. ఇది పని తెలిసిన చెయ్యి అనుకున్నాడు. అనుకుని అక్కడితో వదిలేశాడు. తాడు ఆ మేకుకే తగిలించాడు.

మెస్ నడిపే ఆవిడని అచ్చాఫీసు వాళ్ళంతా పెద్దమ్మ అంటారు. అరవై దాటినా నడుం వంగలేదు. చేతిలో తడిగుడ్డతో బయటికొచ్చి, ముందు బల్ల కిందకి చూసింది.

"వచ్చావటే దొంగమొహమా. ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చావు?"

గింజ లేవలేదు గానీ తోక నేలకేసి కొట్టింది. ఆవిడ సందు మొదటి వైపు చూసింది. ఎవరో వెనక నుంచి రావాలన్నట్టు కాసేపు చూసింది. ఎవరూ రాలేదు. అప్పుడు మేస్త్రిని చెప్పుల దగ్గర్నుంచి జుట్టు దాకా తూచినట్టు చూసింది.

"మీరు పళ్ళెం తోసే ఆయన కదూ."

ఊళ్ళో అతన్ని కాటా మేస్త్రి అంటారు, ముల్లు మేస్త్రి అంటారు. వెనకాల ఇంకేవేవో అంటారు. ఈ పేరు మాత్రం ఎప్పుడూ వినలేదు. వినలేదు గానీ, విన్న వెంటనే అది తన పేరేనని తెలిసింది.

అతని అలవాటు అది. కంచం ముందు కూర్చుని అంచు మీద గోటితో రెండుసార్లు టక్ టక్‌మని కొడతాడు. కాటా పళ్ళెం మీద అలా కొడితే ముల్లు స్థిమితపడుతుందని తండ్రి నేర్పాడు. చేతికి పట్టిన పని కంచం దగ్గరా వదల్లేదు. తర్వాత మొదటి ముద్ద. ఉప్పు సరిపోతే తింటాడు. రవ్వంత ఎక్కువైనా, రవ్వంత తక్కువైనా కంచాన్ని సరిగ్గా జానెడు ముందుకి తోస్తాడు. తిట్టడు, కొట్టడు, అరవడు. లేచి చెయ్యి కడుక్కుంటాడు. ఉప్పు గురించి నేను ఏనాడూ నా భార్యని పల్లెత్తు మాట అనలేదని నలుగురిలో చెప్పుకునేవాడు. నిజమే. జానెడు దూరంలో అన్ని మాటలూ ఉండేవి.

అతను ఉపోద్ఘాతం లేకుండా అడిగాడు. తన భార్య రోజూ ఇక్కడికి కేరేజీ తెచ్చేదట, ఎవరికి తెచ్చేది అని.

"అది ఆవిణ్ణే అడగొచ్చుగా. ఆస్పత్రి నుంచి వచ్చేసిందా అక్క? ఏడు నెలలయింది మొహం చూసి. ఎప్పటికొస్తుంది?"

"రాదు. పోయింది. నాలుగు నెలలయింది."

పెద్దమ్మ తడిగుడ్డతో బల్ల తుడవడం మొదలుపెట్టింది. శుభ్రంగా ఉన్న బల్లనే ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తుడిచింది. మళ్ళీ వెనక్కి తుడిచింది. ఆ తర్వాత అతని ఎదురుగా ఉన్న బల్లపీట మీద కూలబడింది. గోడ అవతల యంత్రం ఆగి, మళ్ళీ మొదలైంది.

"నాలుగు నెలలు" అంది. "ఒక్కళ్ళకైనా కబురు చెయ్యాలని తోచలేదా?"

"చెప్పాల్సినవాళ్ళకి చెప్పాను. మీరెవరో నాకు తెలియదు."

"మీకు మేం తెలియదు. మాకు మీరు బాగా తెలుసు."

ఆవిడ లోపలికెళ్ళి ఒక సత్తుగిన్నెలో కుక్కకి తిండి తెచ్చింది. అన్నం, ఉడికించిన మాంసం ముక్కలు నాలుగు, ఉప్పూ కారం లేనివి. రక్తపోటు వచ్చాక తనకీ డాక్టరు ఉప్పు మానిపించాడని, పదేళ్ళుగా తనూ ఇలాంటి తిండే తింటున్నానని, ఈ లోకంలో తనకి సరిపంక్తిన కూర్చోగలిగింది ఈ కుక్క ఒక్కటేనని చెప్పింది. నవ్వు రాని గొంతుతో చెప్పింది. గిన్నె బల్ల కింద పెట్టింది. గింజ వాసన చూసింది. ముట్టలేదు. తల ఎత్తి మేస్త్రి మొహంలోకి చూస్తూ కూర్చుంది. పక్కటెముకలు లెక్కపెట్టుకునేట్టు ఉన్నాయి.

పెద్దమ్మ మళ్ళీ లోపలికెళ్ళింది. ఈసారి కంచంలో అన్నం, కూరా తెచ్చి మేస్త్రి ముందు పెట్టింది. తినడానికి రాలేదన్నాడు మేస్త్రి.

"మీ కోసం కాదు. అది ముందు తినదు. బల్ల దగ్గర మనిషి ముద్ద నోట్లో పెట్టుకుంటేనే తను మూతి పెడుతుంది. అక్క అట్లా అలవాటు చేసింది. ఇంట్లో ఎక్కడ పెడుతున్నారు దానికి?"

పెరట్లో అన్నాడు. గోడ దగ్గర కట్టేసి, గిన్నె ముందు పెట్టి వచ్చేస్తానన్నాడు. అంటూనే అతనికి గుర్తొచ్చింది. బన్నుల కొట్టులో తను బన్ను కొరికాకే అది తిన్నది. పాల కొట్టులో తను గ్లాసు ఎత్తాకే నాకింది. చేపల బండి దగ్గరా అంతే. బన్ను రుచి, పాల రుచి, చేప రుచి అనుకున్నాడు. దానికి కావలసింది రుచి కాదు. నాలుగు నెలలు అది తిండికి మాడలేదు, తోడుకి మాడింది. కాటాలో వెంట్రుకంత తేడా పట్టే కంటికి ఇంత పెద్ద సంగతి ఆనలేదు.

అయినా అతను కంచంలో చెయ్యి పెట్టలేదు. ముందు కేరేజీ సంగతి చెప్పమన్నాడు.

పెద్దమ్మ చెప్పింది. తొందరపడకుండా, ఆపకుండా, అతని మొహం వైపు చూడకుండా చెప్పింది.

మూడేళ్ళ కిందట అక్కకి నాలుక పోయిందట. మాట కాదు, రుచి. ముందు తీపి పోయింది, తర్వాత పులుపు, చివరికి ఉప్పు. ఏది నోట్లో పెట్టుకున్నా బూడిద నమిలినట్టుందని చెప్పేదట. పెద్ద ఆస్పత్రిలో చూపించుకుంటే, ఇది లోపల ఉన్న జబ్బుకి గుర్తని, మందులు వాడినా రుచి తిరిగొస్తుందని చెప్పలేమన్నారట. మందులు వాడింది. రుచి రాలేదు. ఇంట్లో మాత్రం రెండు పూటలా ఉప్పు సరిగ్గా ఉండాలి.

అందుకని రోజూ తొమ్మిదిన్నరకల్లా వంట చేసి, కేరేజీలో ఒక్కో వంటకం రెండేసి ముద్దలు సర్దుకుని, కుక్కని తిప్పుకొస్తానని చెప్పి బయల్దేరేదట. ఇక్కడికొచ్చి మూత తీసేది. ఇక్కడ రుచి చూసి, కూరలో పావు చెంచా ఉప్పు పడాలి, ఇందులో ఎక్కువైంది, ఒక బంగాళాదుంప ఉడికించి కలుపు అని చెప్పేవాళ్ళు. పలకమీద చదువు రాసుకున్నట్టు చీటీ మీద రాసుకుని, ఇంటికెళ్ళి సరిచేసి, ఒంటిగంటకి మొగుడి ముందు కంచం పెట్టేదట.

"సోమవారం మాకు సెలవు" అంది పెద్దమ్మ.

మేస్త్రికి ఆ మాట విడిగా చెప్పక్కర్లేకపోయింది. సోమవారం సోమవారం అతనికి రొట్టే పాలూ పెట్టేది. వారానికో రోజు పొట్టకి విశ్రాంతి ఇవ్వాలని పేపర్లో రాశారంది. రొట్టెకీ పాలకీ ఉప్పు అక్కర్లేదు.

రెండేళ్ళు. ఆ రెండేళ్ళలో తను ఒక్కసారి కూడా కంచం తొయ్యలేదు. అది అతనికి బాగా గుర్తుంది, ఎందుకంటే ఆ సంగతి తనే గొప్పగా ఆవిడతో అన్నాడు. ముప్పై ఏళ్ళకి నీ చెయ్యి కుదిరింది, ఇకనైనా మనిషివయ్యావు అన్నాడు. ఆవిడ గిన్నె మీద మూత పెడుతూ నవ్వింది. మెచ్చుకుంటే సిగ్గుపడిందనుకున్నాడు.

"కొలుచుకోవచ్చుగా" అన్నాడు. "రుచి తెలియకపోతే మానె. కాటా మీద పెట్టి, ఇంత కూరకి ఇంత ఉప్పని తూచి వేసుకుంటే సరిపోయేది. ఊరంతా తిరగడం దేనికి?"

పెద్దమ్మ ఇప్పుడు మొదటిసారి అతని కళ్ళలోకి చూసింది.

"అడిగింది. మిమ్మల్నే అడిగింది. చిన్న కాటా ఒకటి ఇంటికివ్వమని. మీరేమన్నారో మీకు గుర్తుందా, లేకపోతే అది కూడా నేనే చెప్పాలా?"

గుర్తుంది. గుర్తుండకపోతే బాగుండేది. కంసాలి కొట్టు నుంచి మరమ్మతుకి వచ్చి, వాళ్ళు మళ్ళీ తీసుకెళ్ళని చిన్న కాటా ఒకటి కొట్టులో అటక మీద ఉండేది. అగ్గిపెట్టెంత పళ్ళేలు, సూది లాంటి ముల్లు. ఆవిడ కొట్టు గుమ్మంలో నిలబడి, అది వాడకంలో లేదు కదా, వంటింట్లో పెట్టుకుంటాను ఇవ్వండి అంది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆవిడ కొట్టు గుమ్మం దాకా వచ్చి ఒక వస్తువు అడగడం అదే మొదలు. అప్పుడు బల్ల ముందు ఇద్దరు గిరాకీలు ఉన్నారు. చెయ్యి కుదరనివాళ్ళకి కాటా ఇస్తే కుదురుతుందా, కాటా కూడా చెడుతుంది అన్నాడు మేస్త్రి. గిరాకీలు నవ్వారు. ఆవిడ కూడా నవ్వి, వెళ్ళిపోయింది. నలభై కాటాలున్న ఇంట్లో ఆవిడకి ఒక్క కాటా దొరకలేదు.

ఆ కాటా ఇంకా అటక మీదే ఉంది. పొద్దున తలుపు దించేటప్పుడు కూడా చూశాడు.

"జబ్బు సంగతి నాకు చెప్పొచ్చుగా" అన్నాడు. "చివరి మూడు నెలల్లో మంచాన పడేదాకా నాకు తెలియదు. డాక్టర్లు ఆలస్యంగా కనిపెట్టారనుకున్నాను. ఆ డాక్టరు మొహం మీదే తిట్టి వచ్చాను."

"నేనూ అదే అడిగాను. ఆయనకి చెప్పవేం అక్కా అని. ఏమందో తెలుసా? చెప్తే జాలిపడాలి పాపం, ఆయనకి అలవాటు లేదు, ఈ వయసులో కొత్త పని ఏం నేర్చుకుంటాడు, అంది." పెద్దమ్మ గుడ్డని మడత పెట్టింది. "నవ్వుతూనే అంది. మేమూ నవ్వాం. అచ్చాఫీసు వాళ్ళు కూడా నవ్వారు."

అచ్చాఫీసు వాళ్ళు కూడా. అంటే ఈ సందులో కూలివాడి దగ్గర్నుంచి అందరికీ తెలుసు. తెలియనిది తన ఒక్కడికే. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు గానీ, ఆ పోటు పెట్టిన చెయ్యి కూడా తనదే అయితే ఏమనాలో పెద్దలు చెప్పలేదు.

అతను లేచి పోదామనుకున్నాడు. మేకు మీది తాడు అందుకోబోయి, కుక్కని చూశాడు. అది ఇంకా తల ఎత్తే ఉంది. గిన్నె ముట్టలేదు. కళ్ళు మూతపడుతున్నాయి, అయినా అతని చేతి వైపే చూస్తోంది. ఈ ఒక్కటీ పోతే, ఆవిడ చేత్తో ముట్టుకున్న ప్రాణం ఇంక ఇంట్లో ఉండదు. ఉన్నవన్నీ కాటాలు.

మళ్ళీ కూర్చున్నాడు. చెయ్యి తనంతట తనే కంచం అంచుకి పోయి గోటితో టక్ టక్‌మని రెండుసార్లు కొట్టింది. పెద్దమ్మ ఆ వేలి వైపు చూసి, చటుక్కున తల లోపలి గది వైపు తిప్పింది. ఎందుకు తిప్పిందో అతనికి అర్థం కాలేదు.

ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు.

బల్ల కింద గిన్నె కదిలిన చప్పుడయింది. గింజ తింటోంది. నాలుకతో గిన్నె అడుగు దాకా నాకుతోంది.

మేస్త్రి నమలడం ఆపేశాడు. ఉప్పు సరిగ్గా ఉంది. బాగుంది అని కాదు. సరిగ్గా ఉంది. ముల్లు నిలువుగా నిలబడినట్టు, ఇటు వెంట్రుకవాసి లేదు, అటు వెంట్రుకవాసి లేదు. మామూలు మెస్‌లో నూటికి తొంభై మందికి ఈ ఉప్పు తక్కువనిపిస్తుంది. ఇది ఈ మెస్ ఉప్పు కాదు. తన ఉప్పు. తన తల్లి చేతి ఉప్పు. ఆమె పోయాక ఈ కొలత నోట్లో మోసుకుని ముప్పై ఏళ్ళు భార్యని సతాయించాడు.

"ఈ కంచం ఎవరు పంపారు?"

"నేను లోపలికెళ్ళి, గింజ వచ్చిందన్నాను. అంతే అన్నాను. మనిషి ఎవరో చెప్పలేదు. అక్క వచ్చిందనుకుని, విడిగా తీసిపెట్టిన కూర వేసి ఇచ్చాడు. ఏడు నెలలుగా రోజూ ఒక మనిషికి సరిపడా విడిగా తీసిపెడుతున్నాడు. ఎప్పుడొస్తుందో తెలియదు కదా అంటాడు. సాయంత్రం దాకా చూసి తనే తింటాడు."

"ఎవరు?"

"మా వంటాయన. నాకు ఉప్పు తెలియదని చెప్పానుగా. రెండేళ్ళూ మీ కూర రుచి చూసింది ఆయనే. మొదటిరోజు అక్క మూత తీసి, ఇది ఎవరి కోసమో చెబితే, మూత పెట్టేసి పెరట్లోకి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం దాకా పొయ్యి దగ్గరికి రాలేదు. రెండోరోజు ఆయనే అడిగాడు, కేరేజీ ఇటివ్వమని. ఈ కుక్క కూడా మా పెరట్లో పుట్టిందే. ఆయనే ఇచ్చాడు, రోజూ రావడానికి ఒక వంక ఉండాలి కదా అని."

మురిక్కాలవ పక్కన దొరికిందని తనతో చెప్పింది భార్య. కాలవ పక్కన దొరికిన దరిద్రం అని మేస్త్రి రెండేళ్ళు దాన్ని తిట్టాడు.

"నా నోటికి ఎంత ఉప్పు కావాలో మీ వంటాయనకి ఎలా తెలుసు?"

లోపల పొయ్యి మీద గిన్నెలో ఎవరో గరిటె తిప్పారు. తిప్పి, గరిటెని గిన్నె అంచు మీద కొట్టారు.

టక్ టక్.

ఈ లోకంలో అలా కొట్టేవాళ్ళు ముగ్గురే ఉన్నారు. నేర్పిన తండ్రి పోయాడు. మిగిలింది ఇద్దరు. ఒకడు ఈ బల్ల ముందు కూర్చున్నాడు. రెండోవాణ్ణి, తేడా ఉన్న కాటాకి ముద్ర వేశావని పదహారేళ్ళ కిందట తనే తూనికల ఆఫీసుకి లాక్కెళ్ళి, అధికారి ముందు నిలబెట్టి, వాడి చేతిలోని ముద్ర తనే లాక్కుని ఇచ్చేశాడు. నేను కాదన్నయ్యా అన్నాడు వాడు. తోబుట్టువైనా తూకం తూకమే అన్నాడు తను. వదిన అడ్డం పడింది. ఆ పూట కూడా కంచం జానెడు ముందుకి పోయింది.

మేస్త్రి లేవబోయాడు. పెద్దమ్మ బల్ల మీదుగా వంగి, గొంతు తగ్గించి చెప్పింది.

"ఆస్పత్రికి పోయేముందు రోజు అక్క వచ్చి ఆయన దగ్గర మాట తీసుకుంది. నేను బాగై నా అంతట నేను వచ్చేదాకా మా గడప తొక్కొద్దని. ఆ మాట మీదే ఉన్నాడు. పోయిందని తెలియదు. నేను చెప్పను. నాలుగు నెలలు దాచినవాళ్ళు మీరు, మీరే చెప్పాలి."

అచ్చాఫీసు యంత్రం ఆగిపోయింది. సందంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో బల్ల కింద ఖాళీ గిన్నె దొర్లింది. చిక్కిన మెడ కదా, రెండు ముళ్ళు వేసినా తాడు ఉచ్చు జారిపోయింది. మేకుకి తాడు మాత్రం వేలాడుతోంది. కుక్క లేదు. గుమ్మం దాటి, లోపలి బల్లల కింద నుంచి, బొగ్గురాతల నియమాలన్నీ తొక్కేసి, వంటింటి తెర కిందకి దూరింది.

లోపల గరిటె కింద పడింది. తర్వాత ఒక నవ్వు వినిపించింది. పదహారేళ్ళు పెద్దదైన నవ్వు. అయినా ఆ నవ్వే.

"వచ్చేశావా గింజమ్మా. ఇదేంటే ఇలా చిక్కిపోయావ్, మా అన్నయ్య నీ గిన్నె కూడా తోసేస్తున్నాడా? వదినా, అక్కడే ఉన్నావా? ఏడు నెలలు ఏడిపించావు కదమ్మా. కూరలో ఉప్పు ఎలా ఉందో చెప్పకుండా వెళ్ళావంటే ఊరుకోను."

తెర కింద రెండు పాదాలు ఇటు తిరిగాయి.

మేస్త్రి నోట్లో ఇంకా ముద్ద అలాగే ఉంది. అది మింగితే గానీ మాట రాదు. మింగుడు పడటం లేదు. పెద్దమ్మ లేచి, మొహం గోడ వైపు తిప్పుకుని నిలబడింది. తడిచేతి వేళ్ళు నాలుగు తెర అంచు పట్టుకున్నాయి.